చిక్కుడు మీద ఒకటి, వంగ మీద ఇంకొకటి: అక్షింతల పురుగుల డైరీ

నవంబరు 28

పొద్దున్నే మా అమ్మ పెరట్లో చిక్కుడు పందిరి కింద నిలబడి పురుగుల్ని ఏరి ఏరి చెప్పు కింద వేసి నలుపుతోంది. దగ్గరికెళ్ళి చూస్తే అక్షింతల పురుగులు, ఇంగ్లీషులో లేడీబర్డ్ అనేవి. "అమ్మా, అవి మంచివే, మొక్కల రసం పీల్చే పేనుబంకని తింటాయి" అన్నాను. "నీ మొహం. పోయినేడు వంగ మొక్కలన్నీ జల్లెడ చేసి పెట్టింది ఇవి కాదూ?" అంది. పదో తరగతి దాకా సైన్సు చెప్పే కొడుకుని పట్టుకుని అంత మాటంది కానీ తప్పు తనది కాదు. బళ్ళో గోడకి అంటించిన మిత్ర పురుగుల పోస్టర్లో అక్షింతల పురుగు ఉంది, కాపాడమని. నా బీరువాలో ఉన్న వంగ సాగు కరపత్రంలోనూ అక్షింతల పురుగు ఉంది, ఏరి చంపమని. మూడేళ్ళుగా రెండు కాగితాలూ నా దగ్గరే ఉన్నాయి, ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు.

కాబట్టి ఈ శీతాకాలం ప్రాజెక్టు ఇదే. రెండు అక్షింతల పురుగుల్నీ పట్టి, కొలిచి, పెంచి, చివరికి పోస్టుకార్డంత అట్ట మీద తేడాలు వేసి మా ఊళ్ళో (తెనాలికి దగ్గర, చుట్టూ వరి కోసిన చేలల్లో మినుము) ఇంటికొకటి ఇవ్వాలి. సాయానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు. నా జేబులోంచి 500 రూపాయలు.

డిసెంబరు 2

మొదటి వేట. పిల్లలు సాయంత్రానికి 14 పురుగులు తెచ్చారు, అన్నింటినీ ఒకే హార్లిక్స్ సీసాలో వేసి మూతకి చిల్లులు పెట్టాను. పొద్దున చూస్తే సీసా లోపల చెమట పట్టి అయిదు చచ్చి ఉన్నాయి. ఆకులు తడిగా పెట్టడం నా తప్పు. ఇప్పట్నుంచి ఒక్కో పురుగుకి ఒక్కో హోమియో గోళీల సీసా, లోపల మడతపెట్టిన టిష్యూ ముక్క. సీసాలన్నీ మా ఆవిడ అలమరలోవే, అడగకుండా తీశాను, అది వేరే గొడవ.

ఆ 14లో మూడు అసలు అక్షింతల పురుగులే కావు. నారింజ రంగులో నిగనిగలాడుతూ కొంచెం పొడుగ్గా ఉన్నవి గుమ్మడి పెంకు పురుగులు. నేనూ ముందు గుర్తుపట్టలేదు, మీసాలు చూశాక తెలిసింది. గుమ్మడి పురుగు మీసాలు దారంలా సన్నగా పొడుగ్గా ముందుకు చాచి ఉంటాయి. అక్షింతల పురుగు మీసాలు పొట్టివి, చివర గదలా లావుగా ఉంటాయి, భయపడితే తల కిందికి మడిచి దాచేస్తుంది కూడా. ఒక పిల్ల ఆరుద్ర పురుగు గురించి అడిగింది, అదీ ఎర్రగానే ఉంటుంది కదా సార్ అని. అది కీటకమే కాదు, ఎనిమిది కాళ్ళ నల్లి జాతి (మంచంలో నల్లి కాదు, సాలీడుకి చుట్టం). తొలకరి వానలకి కనిపించే ఆ మఖమల్ బొట్టుకి ఈ జాబితాలో చోటు లేదు.

డిసెంబరు 6

చిక్కుడు మీది పురుగు. మొత్తం తొమ్మిదింటిని గ్రాఫు కాగితం మీద పెట్టి కొలిచాం. ఊరికే ఉండవు కదా, పారిపోతాయి. ఫ్రిజ్‌లో (ఫ్రీజర్లో కాదు) పది నిమిషాలు ఉంచితే మత్తుగా ఓ రెండు నిమిషాలు కదలకుండా ఉంటాయి, ఈ లోపల కొలిచెయ్యాలి. చిన్నది 4 మిల్లీమీటర్లు, పెద్దది దాదాపు 6.

పైనుంచి చూస్తే గుండ్రం, పక్కనుంచి చూస్తే సగం కోసిన కందిగింజ. పైన బోర్లించిన గిన్నెలా ఉబ్బుగా ఉంటుంది, అడుగు చదును. కాళ్ళూ తలా లోపలికి లాక్కుని ఆకుకి అతుక్కుపోతే చీమకి పట్టు దొరకదు. ఇది నేను గంటసేపు చూశాను, చిక్కుడు మీద పేనుబంక విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు రాగానే మీదపడతాయి, ఇది గిన్నె బోర్లించి కూర్చుంటుంది, చీమ విసుగెత్తి అటు తిరగ్గానే ఇంకో పేనుబంకని నోట్లో వేసుకుంటుంది.

రంగు పసుపు నుంచి నారింజ దాకా, ఒకటి లేత గులాబీ. నున్నగా, నెయ్యి రాసినట్టు మెరుస్తుంది. రెండు పెంకు రెక్కలు కలిసే చోట నిలువుగా నల్లగీత. ఒక్కో రెక్క మీద వంకరటింకర నల్ల పట్టీలు రెండు, వాటి వెనక ఒక నల్లచుక్క. మెడ మీది పెంకుని ప్రోనోటం అంటారు, అది లేత పసుపు, మధ్యలో నల్లమచ్చ. ఇంగ్లీషులో దీన్ని జిగ్‌జాగ్ లేడీబర్డ్ అనేది ఈ పట్టీల వల్లే. శాస్త్రీయ నామం చీలోమెనెస్ సెక్స్‌మాక్యులేటా. రెండో మాట పలకగానే వెనక బెంచీ మొత్తం ఇకిలించింది, ఊహించిందే. లాటిన్‌లో సెక్స్ అంటే ఆరు, మాక్యులా అంటే మచ్చ అని చెప్పాక, "మరి ఆరు మచ్చలేవి సార్?" అని ఎదురు ప్రశ్న. ఒక్కో రెక్కకి రెండు పట్టీలూ ఒక చుక్కా, మూడు, రెండు వైపులా ఆరు. ఇది నేను సర్దుకున్న లెక్క. ఒకదాని మీదయితే పట్టీలు బాగా లావై ఒకదానితో ఒకటి కలిసిపోయి పురుగు దాదాపు నల్లగా ఉంది. దాన్ని వేరే జాతి అనుకోకూడదు, ఈ జాతిలో నల్లరకాలు మామూలే. మచ్చల్ని నమ్ముకుంటే మోసపోతామని ఆ రోజే అర్థమవ్వాల్సింది, నాకు అర్థమవడానికి ఇంకో నెల పట్టింది.

చేత్తో పట్టుకుంటే మోకాళ్ళ దగ్గర్నుంచి పసుపు చుక్క కారుతుంది. అది దాని రక్తమే, కావాలనే వదులుతుంది, ఘాటు వాసన, పిట్టలు ఉమ్మేయాలని. మావాడొకడు నాకి చూసి "వేపకాయ సార్" అన్నాడు. చెయ్యొద్దని చెప్పేలోపే అయిపోయింది.

డిసెంబరు 10

ఈ రోజంతా పాదాల లెక్క మీదే పోయింది.

అక్షింతల పురుగుల కుటుంబాన్ని గుర్తుపట్టడానికి పాత పుస్తకాల్లో చెప్పే పెద్ద గుర్తు పాదంలో ఎన్ని ముక్కలున్నాయన్నది. పిల్లలు భూతద్దంలో చూసి మూడు అన్నారు. నేను పుస్తకం చూసి నాలుగు అన్నాను. "లేదు సార్, మూడే" అని ఒక పిల్ల పట్టుబట్టింది. మా ఇద్దరిదీ నిజమే, ఎందుకంటే ఉన్నవి నాలుగు, కనిపించేవి మూడు. రెండో ముక్క గుండె ఆకారంలో రెండు చెవులతో వెడల్పుగా ఉంటుంది, మూడోది ఆవగింజలో ఎన్నో వంతో ఉండి ఆ చీలికలో దాక్కుంటుంది. అందుకే ఒకప్పుడు ఈ పురుగుల్ని మూడు ముక్కల పాదాల గుంపు అని విడిగా కట్టారు. గుమ్మడి పెంకు పురుగుదీ ఇదే వేషం, కాకపోతే అక్కడ ఉన్నవి అయిదు, కనిపించేవి నాలుగు.

సెల్‌ఫోన్‌కి తగిలించే 350 రూపాయల మాక్రో లెన్స్‌తో ఆ దాగిన ముక్క కనిపించలేదు. చచ్చిన పురుగు కాలు విరిచి గ్లిజరిన్ చుక్కలో పెట్టి బళ్ళో ఉన్న మైక్రోస్కోపు కింద చూస్తే కనిపించింది. బళ్ళో మైక్రోస్కోపు ఉన్నదన్న సంగతే చాలామందికి తెలియదు, దుమ్ము దులపడానికి అరగంట పట్టింది, అద్దం పగిలి ఉంటే టార్చిలైటు కింద పెట్టి నడిపించాం.

ఇంకో గుర్తు నాకు బాగా నచ్చింది. నోటి పక్కన తడిమి చూసుకునే చిన్న కొమ్ములుంటాయి, పాల్ప్‌లు అంటారు. వాటి చివరి ముక్క అచ్చం గొడ్డలి. కట్టెలు కొట్టే గొడ్డలే. ఇది మామూలు భూతద్దంలోనే కనిపిస్తుంది, ముఖం మీద వెలుతురు పడాలంతే.

డిసెంబరు 14

వంగ పురుగు దొరికింది. మా పెరట్లో మొక్కలు పీకేశాం కాబట్టి లేదు, బాబాయి వాళ్ళ దొడ్లో కాకర పాదు మీద, పక్కన వంగ మీద, గట్టున మొలిచిన కామంచి మీద కూడా. "ఎన్ని కావాలంటే అన్ని పట్టుకుపో మాస్టారూ, డబ్బులివ్వక్కర్లేదు" అన్నాడు బాబాయి.

దీని పేరు హెనోసెపిలాక్నా విజింటియోక్టోపంక్టేటా. నోరు తిరగడానికి రెండ్రోజులు పట్టింది. లాటిన్‌లో 28 చుక్కలది అని అర్థం, ఒక్కో రెక్కకి 14. చిక్కుడు పురుగుకంటే కొంచెం పెద్దది, ఇంకా ఉబ్బుగా ఉంటుంది, రంగు పాత రాగి చెంబు. అసలు తేడా రంగులో లేదు, మెరుపులో ఉంది. చిక్కుడు పురుగు మీద కిటికీ నీడ కనిపిస్తుంది. ఇది మాసిపోయినట్టుంటుంది. భూతద్దంలో చూస్తే ఒళ్ళంతా సన్నటి నూగు, వంగ ఆకు అడుగునుండే నూగు లాంటిదే. ఇంత చిన్న విషయం ఏ కరపత్రంలోనూ ఎందుకు వెయ్యరో. చుక్కల సంఖ్యే వేస్తారు. 12 చుక్కలవీ దొరికాయి, వాటిని వేరుగా సీసాల్లో పెట్టాను, వాటి సంగతి ఈ ప్రాజెక్టులో తేలేది కాదు.

డిసెంబరు 17

దవడలు. రెండుసార్లు పాడుచేశాను. మొదటిసారి తల మొత్తం నలిగిపోయింది, రెండోసారి దవడ ఎగిరి ఎక్కడ పడిందో దొరకలేదు (అర మిల్లీమీటరు లేదు అది, టేబులంతా వెతికాం). మూడోసారి తలని రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టి, ఇన్సులిన్ సూదులు రెండు పట్టుకుని నెమ్మదిగా విడదీస్తే వచ్చింది.

చిక్కుడు పురుగు దవడ కొన రెండుగా చీలి కోరలా ఉంది, మొదట్లో ఇంకో పన్ను. పొడవడానికీ నమలడానికీ సరిపడా ఏర్పాటు. వంగ పురుగు దవడకి కొన దగ్గర వరసగా చాలా పళ్ళు, మొదట్లో పన్ను లేదు. ఇది ఆకుని కొరికి ముక్కలు మింగదు, దువ్వెనతో గీకినట్టు గీకి రసం లాగుతుంది. అందుకే వంగ ఆకు మీద పక్కపక్కనే సన్నటి చారలు పడతాయి, పచ్చదనం పోయి ఈనెలూ పలచటి పొరా మిగులుతాయి, అది ఎండి రాలాక అమ్మ చెప్పిన జల్లెడ. గొంగళిపురుగు కన్నానికీ దీనికీ తేడా పిల్లలు ఒక్కసారి చూడగానే పట్టేశారు.

డిసెంబరు 19

వర్గీకరణ చార్టు గీశాం. పై మెట్లు గబగబా అయిపోయాయి: కీళ్ళ కాళ్ళ జీవులు, కీటకాలు, పెంకు పురుగుల క్రమం కోలియోప్టెరా, అందులో పాలీఫేగా, అందులో కాక్సినెల్లాయిడియా, అందులో కాక్సినెల్లిడే కుటుంబం. ప్రపంచం మొత్తంలో ఈ కుటుంబంలో సుమారు 6000 జాతులు. ఇక్కడిదాకా మన రెండు పురుగులూ కలిసే నడుస్తాయి. తర్వాత విడిపోతాయి: చిక్కుడుది కాక్సినెల్లిని తెగ, వంగది ఎపిలాక్నిని తెగ. పాత పుస్తకాలు వంగ పురుగుకి ఎపిలాక్నినే అని ఏకంగా ఒక ఉపకుటుంబమే ఇచ్చాయి, ఇప్పుడు దాన్ని కాక్సినెల్లినే ఉపకుటుంబంలో ఒక తెగగా దించారు. అంటే కొత్త లెక్క ప్రకారం అవి ఇంకా దగ్గరి చుట్టాలు. అమ్మకి ఇది చెప్తే "చెప్పానా" అంది.

ఇక్కడ నాకొక సరదా విషయం దొరికింది. రెండింటికీ పేరు పెట్టింది ఒక్కడే, డెన్మార్క్‌కి చెందిన ఫాబ్రిసియస్, లిన్నేయస్ శిష్యుడు. వంగ పురుగుకి 1775లో, చిక్కుడు పురుగుకి 1781లో. రెండింటినీ కాక్సినెల్లా అనే ఒకే ప్రజాతిలో పడేశాడు. ఆయనా మా అమ్మలాగే రెండింటినీ ఒకే గంపలో వేశాడన్నమాట. విచిత్రమేంటంటే కీటకాల్ని రెక్కల్ని బట్టి కాదు, నోటి భాగాల్ని బట్టి వర్గీకరించాలని పట్టుబట్టింది ఈ ఫాబ్రిసియస్సే. ఈ రెండింటి దవడలూ పక్కపక్కన పెట్టి చూసుంటే ఏమనేవాడో.

తర్వాత వచ్చినవాళ్ళు వాటిని విడదీశారు. అందుకే ఇప్పుడు రెండు పేర్ల చివరా ఫాబ్రిసియస్ పేరు బ్రాకెట్లో రాస్తారు, మొదట పెట్టిన ప్రజాతి మారిందని దానర్థం. పిల్లలకి ఈ బ్రాకెట్ రూలు ఎందుకో తెగ నచ్చింది. మన దగ్గర పాత వ్యవసాయ పుస్తకాల్లో చిక్కుడు పురుగు మెనోకైలస్ సెక్స్‌మాక్యులేటస్ అని కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, అదే ఇది. చీలోమెనెస్ అన్న పేరు ముందు పుట్టింది కాబట్టి దానికే పెద్దరికం దక్కింది, లాటిన్ వ్యాకరణంలో అది స్త్రీలింగం కాబట్టి చివర "టస్" పోయి "టా" వచ్చింది. హెనోసెపిలాక్నా అనే ప్రజాతి 1961లో ఎపిలాక్నా నుంచి విడిపోయింది.

కీటక శాస్త్రవేత్త జె. పూరణి గారు 2002లో భారత ఉపఖండం అక్షింతల పురుగుల జాబితా వేశారు. దాని శీర్షికలోనే ఎపిలాక్నినేని మినహాయించి అని ఉంది. పండితులు కూడా ఆకు తినేవాటికి విడిగా విస్తరి వేస్తారని నేను మా హెడ్మాస్టరు గారితో అన్నాను. ఆయన నవ్వలేదు.

డిసెంబరు 26

పెంపకం. 20వ తారీకున రెండు రకాల గుడ్లూ దొరికాయి. రెండూ పసుపే, రెండూ కుదురుగా నిలబెట్టినట్టు గుంపులుగానే ఉంటాయి. నిజంగా అక్షింతల్లాగే ఉన్నాయి, ఆ పేరు పురుగుని చూసి పెట్టారా గుడ్లని చూసి పెట్టారా అని అనుమానం కూడా వచ్చింది. తేడా చోటులో ఉంది: చిక్కుడు పురుగు పేనుబంక గుంపు పక్కనే పెడుతుంది, వంగ పురుగు ఆకు అడుగున పెడుతుంది.

చిక్కుడు గుడ్లు 24న పగిలాయి. 18 పిల్లలు. పొద్దుటికి 13. మిగతా అయిదింటినీ ముందు పుట్టినవి తినేశాయి, పగలని గుడ్లతో సహా. నిన్న పండగ సెలవు కదా అని పేనుబంక కొమ్మ మార్చలేదు, ఈరోజు లెక్క 7. తోడబుట్టినవాళ్ళని తినే పురుగుని మిత్ర పురుగు అంటారేంటి సార్ అని అడిగారు. మిత్రత్వం మన వైపు నుంచి చూసిన మాట, దానికి ఆ సంగతి తెలియదు అన్నాను.

పిల్లపురుగుల్ని చూశాక మాత్రం ఎవరికీ సందేహం ఉండదు. చిక్కుడువి నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసలిలా ఉంటాయి, ఆరు కాళ్ళ మీద గబగబా పరిగెడతాయి, పెరిగేకొద్దీ వీపు మీద లేతరంగు మచ్చలు వస్తాయి. వంగవి పసుపు రంగు, బద్ధకం, ఒళ్ళంతా ముళ్ళు, ముల్లుకి మళ్ళీ పిల్లముళ్ళు, నేలమీద పల్లేరుకాయ లేచి నడుస్తున్నట్టు. గుచ్చుకోవు, చూడ్డానికే. అమ్మకి చూపిస్తే పల్లేరుకాయ దాన్ని వెంటనే గుర్తుపట్టింది, "ఇదే, ఇదే" అని. నల్లమొసలిని చూసి మాత్రం "ఇది కూడా పురుగే కదా, దీన్నీ చంపుతుంటాను" అంది. మందు కొట్టే ప్రతి ఇంట్లో ఇదే జరుగుతోందనుకుంటా. పెద్ద పురుగునైనా కొందరు వదిలేస్తారు, దాని పిల్లని ఎవరూ వదలరు.

జనవరి 6

ఏడింటిలో నాలుగు ప్యూపా అయ్యాయి, ఆకుకి తోక అంటించుకుని ముడుచుకున్నాయి. ఈరోజు పొద్దున ఒకటి పగిలింది. బళ్ళో గోల, ఎందుకంటే బయటికొచ్చిన పురుగు మీద మచ్చే లేదు. మెత్తగా, లేత పసుపు రంగులో, ఉడికించిన శెనగపప్పులా ఉంది. "సార్, కొత్త జాతి!" నేనూ ఒక్క క్షణం ఆశపడ్డాను, అబద్ధమెందుకు. తర్వాత పీరియడుకి నడుమ సన్నటి గీత కనిపించింది, మధ్యాహ్న భోజనం అయ్యేసరికి పట్టీలు పొగలా తేలాయి, సాయంత్రం బెల్లు కొట్టేటప్పటికి నలుపు కుదిరింది. గంటకో ఫొటో తీశాం, మొత్తం ఏడు ఫొటోలు, ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చినవి అవే.

వంగ పిల్లలు ఇంకా తింటూనే ఉన్నాయి. రోజుకి రెండు ఆకులు.

జనవరి 9

కార్డు మొదటి నమూనా అచ్చేయించాను, లామినేషన్‌తో కలిపి ఒక్కోటి 20 రూపాయలు. పైన పెద్ద అక్షరాలతో: "వంకర పట్టీలుంటే మిత్రుడు, 28 చుక్కలుంటే శత్రువు."

అమ్మ చేతికిచ్చి పందిరి కిందికి పంపాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. "ఒరేయ్, అది నిలబడి లెక్కపెట్టించుకుంటుందా?" అంది. నిజమే. పైగా తను చత్వారం అద్దాలు పెట్టుకోకుండా పెరట్లోకి వెళ్తుంది. దాదాపు నల్లగా ఉన్న ఆ రకం ఎదురైతే ఏ గడిలోనూ పడదు. నెల రోజులు దవడలు పీకి, పాదాలు లెక్కపెట్టి, చివరికి ఏ కరపత్రమూ చెయ్యని కొత్త పనేం చేశానంటే ఏమీ లేదు, నేనూ చుక్కలే వేశాను.

రాత్రి కూర్చుని మళ్ళీ గీశాను. ఈసారి వరస మార్చాను. మొదటి గడి: పురుగుని కాదు, ఆకుని చూడు. చారలుగా గీకేసి ఉందా, పేనుబంక ఉందా? రెండో గడి: మెరుస్తోందా, మాసినట్టుందా? మూడో గడి: పిల్లలు నల్లమొసళ్ళా, పల్లేరుకాయలా? చుక్కలూ పట్టీలూ అడుగున చిన్న బొమ్మగా. పాదాలూ దవడలూ కార్డులోకి రాలేదు, అవి చార్టులో గోడ మీదే ఉంటాయి. ఒక పిల్ల అలిగింది, మూడా నాలుగా అని నాతో వాదించిన పిల్లే.

జనవరి 12

రెండో నమూనాతో అమ్మ, బాబాయి, పక్కింటి పిన్ని. పది సీసాలిచ్చి చూపించాను. అమ్మ పదికి పది. బాబాయి తొమ్మిది, గుమ్మడి పెంకు పురుగు దగ్గర పడిపోయాడు, "దీన్నెలాగూ చంపేదేగా" అన్నాడు, ఒప్పుకున్నాను. పిన్ని ఎనిమిది. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్ళకి పంచడానికి 15 కార్డులు చాలు, డబ్బులు కూడా అంతకే ఉన్నాయి.

పొద్దుగూకాక ఒకడు అగ్గిపెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. లోపల నిమ్మపండు రంగు పురుగు, రెక్కల మీద చుక్కంటూ లేదు, మెడ మీద మాత్రం తెల్లటి పెంకుకి రెండు నల్లచుక్కలు, పొట్టి గద మీసాలు, గొడ్డలి పాల్ప్‌లు. గుమ్మడి ఆకు మీద దొరికిందట. ఇల్లీస్ అనే ప్రజాతి. ఆ ఆకు మీద పేనుబంక లేదు, గీకిన చారలు లేవు, తెల్లటి బూడిద తెగులు ఉంది, ఇది తినేది ఆ బూజునే. మెరుస్తోంది కాబట్టి కార్డు ప్రకారం మిత్రుడే, కానీ మొదటి గడిలో రెండు ప్రశ్నలకీ దీని జవాబు "లేదు".

అమ్మ అద్దాలు పెట్టుకుని అగ్గిపెట్టెలోకి చూసి "దీన్నేం చెయ్యమంటావు?" అంది. గుమ్మడి పాదు మీద వదిలేసి రమ్మని వాణ్ణి పంపాను. 15 కార్డులూ అచ్చుకిచ్చి వచ్చాను, పొద్దున్నే వెళ్ళి ఆపించాలి.